తాడుకు నాలుగు వేళ్ల దూరం

ఫిబ్రవరి 4

మామయ్యా,

ముందే చెప్పేస్తున్నాను, నేను క్షేమం. కవరు మీద నా చేతిరాత చూడగానే నువ్వు కుర్చీలో కూలబడి ఉంటావని తెలుసు. లేచి మంచినీళ్లు తాగి, ఆ తర్వాత చదువు.

ఈ కాలంలో ఉత్తరమేమిటంటావా? ఈ బాక్సింగ్ శిక్షణ శిబిరంలో చేరగానే మా ఫోన్లన్నీ లాక్కుని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆదివారం ఒక్కసారి ఇస్తారు, ఇంటికి మాట్లాడుకోమని. ఆ కాసేపూ అమ్మకే సరిపోతుంది. సగం సేపు "తింటున్నావా" అంటుంది, మిగతా సగం ఏడుస్తుంది. కాబట్టి నీకు ఉత్తరమే గతి. మా కోచ్‌ని అందరం మాస్టారనే అంటాం. ఆయనకు ఉత్తరాలంటే మహా ఇష్టం. రాస్తే చెయ్యి స్థిమితపడుతుందట.

అసలు సంగతి. ఏప్రిల్లో ఎంపిక పోటీ. గెలిస్తే జట్టులో చోటు, ఓడితే ఇంటికి. నా బరువులో మిగిలింది ఇద్దరమే, నేనూ ఇంకో శిబిరంలో ఉన్న పిల్లా. ఆ పిల్ల పొడుగు చూస్తే నీకు చలిజ్వరం వస్తుంది. మేం దాన్ని కొంగ అంటాం. అది అక్కడ నిలబడి చెయ్యి చాపితే ఇక్కడ నా ముక్కుకి తగులుతుంది. అంత పొడుగు వాళ్లను పొట్టివాళ్లు ఎలా గెలిచారో చూడాలి. చూడాలంటే పెద్దాయననే చూడాలి.

మీ ఫిలిం గిడ్డంగిలో ఆయన పాత బౌట్లు ఉన్నాయని నువ్వే ఒకసారి నోరు జారావు. తాతల కాలం మనిషి, నా అంత పొట్టి, తనకంటే జానెడు పొడుగున్న వాళ్లందర్నీ కూలదోశాడు. నెట్‌లో ఆయనవి రెండు మూడు ముక్కలున్నాయి కానీ, బూజు పట్టిన కిటికీలోంచి చూసినట్టుంటాయి. నువ్వు తుడిచి బాగుచేసినవి పెన్‌డ్రైవ్‌లో వేసి పంపు. భోజనాల గదిలో టీవీ ఉంది, దానికి పెట్టుకుని చూస్తాను.

అమ్మకు చెప్పకు. లిఫ్టు ఆగిపోతుందేమోనని ఆరంతస్తులూ మెట్లెక్కే మనిషివి, దెబ్బలాట సినిమాలు పంపమంటే ఎంత కంగారు పడతావో నాకు తెలుసు. అయినా పంపు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

నీ మేనకోడలు
ఉడత


ఫిబ్రవరి 12

ఉడతా,

మంచినీళ్లు రెండు గ్లాసులు తాగాను. చదివాక ఇంకో గ్లాసు.

మీ అమ్మకు నేను చెప్పలేదు. ఆదివారం ఇంటికి వస్తే అక్క "ఏంట్రా సంగతులు" అంది, నేను తడబడ్డాను, అంతే. అబద్ధం చెప్పడానికి కూడా కొంచెం ధైర్యం కావాలి కదా. దానితో మొదలుపెట్టింది. "పిల్ల చేతికి అగ్గిపెట్టె ఇస్తున్నావురా" అని గంటసేపు తిట్టింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చివరికి కప్ప మాటే విన్నాను.

మా అధికారిని అడిగితే, చదువుకునే పిల్ల కోసమైతే పంపుకో అన్నాడు. ఏం చదువో అడగలేదు, నేనూ చెప్పలేదు.

పాత ఫిలిం చెడిపోవడం మొదలైతే పులుపు వాసన వేస్తుంది. డబ్బా మూత తీయగానే కళ్లు మండుతాయి. మెత్తటి గుడ్డతో తుడిచి, చిరిగిన చోట అతికించి, ఒక్కో బొమ్మనే కంప్యూటర్లోకి ఎక్కించాలి. మీరంతా బౌటును ఒక్క ఊపులో చూసేస్తారు. నాకు అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. దెబ్బ బయల్దేరడం, గాల్లో ఉండటం, తగలడం, బుగ్గ పక్కకు పోవడం. ఏరికోరి పిరికివాడికే దొరికింది ఈ ఉద్యోగం. కొన్ని చోట్ల ఒక కన్ను మూసుకునే పని చేశాను, అతుకులు వంకరగా ఉంటే క్షమించు.

నీకు పనికొచ్చేది ఒకటి చెబుతాను. పెద్దాయన వెనక్కి పోడు. పొడుగువాడి చెయ్యి వచ్చేటప్పుడు తలను ఒక్క చెవి మందం పక్కకు తప్పిస్తాడు, అంతకు మించి కాదు. ఆ చెయ్యి భుజం మీదుగా పోతూ ఉండగానే దాని కిందుగా లోపలికి వెళ్లిపోతాడు. అంత దగ్గరికి వచ్చిన మనిషిని ఏం చేయాలో పొడుగువాడికి తెలియదు. తన చేతులే తనకు అడ్డం.

ఇంకొకటి, ఇది నాకు నచ్చింది. గంట కొట్టగానే స్టూలు మీంచి లేచి, ఎడమ గ్లవ్ వెనక భాగంతో రింగు పై తాడును ఒకసారి తాకి, అప్పుడు కదులుతాడు. అటు చూడకుండానే తాకుతాడు. ప్రతి రౌండుకూ అంతే. ఇంటికి తాళం వేశాక మళ్లీ రెండుసార్లు లాగి చూసే నాబోటివాడికి, అంత గొప్ప మనిషిలో కూడా ఆ జబ్బు ఉందని తెలిస్తే ప్రాణం లేచొచ్చింది.

ఆయన చివరి మూడు బౌట్లూ పంపడం లేదు. అవి ఇంకెక్కడా లేవు. ఈమధ్యే ఆయన కూతురు తెచ్చి ఇచ్చింది, నా బీరువా అడుగు అరలో ఉన్నాయి. వాటిలో నువ్వు నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. అడగకు.

తల జాగ్రత్త. ఉన్నది ఒక్కటే.

వణుకుతూ
మీ మామయ్య


మార్చి 3

భయాల మామయ్యకు,

నువ్వు పంపినవి వంటాయన గరిటె పట్టుకుని నిలబడి మరీ చూశాడు. బల్లలు తుడవడం ఆగిపోయింది. పెద్దాయన ఆ పొడుగువాడి చంక కిందికి దూరినప్పుడు గదంతా ఒక్కసారి "అబ్బా" అంది. ఆయన పాదాలు చూశావా? ఎత్తడు, జరుపుతాడు. నేల మీద తడి ఉందేమో చూసుకుంటూ నడిచే మనిషిలా. మాస్టారు కూడా కుర్చీ ముందుకు లాక్కున్నారు.

అప్పటి నుంచి వరండాలో నా మెడ ఎత్తున ఒక తాడు కట్టి, దాని కిందుగా అటూ ఇటూ పోవడమే నా పని. ఒక్క చెవి మందం అన్నావు చూడు, ఆ మాట గోడ మీద రాసుకున్నాను. తాడు తాకడం కూడా పట్టుకున్నాను. ఆడపిల్లలు ఏడిపిస్తున్నారు, "నీకు కరెంటు అక్కడి నుంచి వస్తుందా, స్విచ్చి వేస్తున్నావు" అని. నిజంగానే వస్తుంది మామయ్యా. తాడు గరుకుగా గ్లవ్‌కి తగలగానే, ఇదిగో నేను ఇక్కడున్నాను అనిపిస్తుంది. భయం పోతుంది. అవును, నాకూ ఉంటుంది భయం. ఎంతైనా నీ రక్తమేగా. ఎవరికీ చెప్పకు.

నా గదిలో ఉండే పిల్లను బండ అంటాం. నాకంటే రెండింతలుంటుంది. మొన్న నిద్రలో "ఆగండి, ఆగండి, జడ ఊడింది" అని అరిచింది. కలలో కూడా రిఫరీతోనే గొడవ. పగలు దానితోనే నా ప్రాక్టీసు బౌట్లు. క్రితం వారం దాని కుడి చెయ్యి ఒకటి నా కణత మీద పడింది. తలకు కవచం ఉంది కాబట్టి ఏమీ కాలేదు. ఎవరో లైటు ఆర్పి మళ్లీ వేసినట్టయింది, అంతే. మాస్టారు వచ్చి కళ్లలోకి చూసి అడిగితే బాగానే ఉందన్నాను. బాగానే ఉంది. కాస్త తలనొప్పి వస్తోంది కానీ అది ఇక్కడి టీ వల్ల. టీ కాదది, రంగునీళ్లు.

నీ పెన్‌డ్రైవ్‌లోనే నా బౌట్లు రెండు వేసి పంపుతున్నాను. ఒకటి తాడు తాకడం నేర్చుకున్న కొత్తల్లోది, ఇంకొకటి నిన్నటిది. పెద్దాయనను చూసినట్టే ఒక్కో బొమ్మా ఆపి చూసి చెప్పు. ఒక కన్ను మూసుకోకూడదు మరి.

చివరి మూడూ పంపవూ?

ఉడత


మార్చి 10

ఉడతా,

రెండు కళ్లూ తెరిచే చూశాను.

తల తప్పించడం బాగా వచ్చింది. చెవి మందమే. కాళ్లు కూడా పెద్దాయన కాళ్లలాగే జరుగుతున్నాయి. మెచ్చుకోవడం తెలియదు నాకు, కానీ మొదటి బౌటు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. మొదటి బౌటులో గంట కొట్టిన ప్రతిసారీ నీ గ్లవ్ తాడుకు తగిలింది. తాడు ఊగడం కూడా కనిపిస్తోంది. నిన్నటిదన్నావే, ఆ రెండోదాంట్లో తగల్లేదు. చెయ్యి లేస్తోంది, తాడు దాకా వెళ్తోంది, నాలుగు వేళ్లు దూరేంత సందు ఉండగానే దిగిపోతోంది. తాడు కదలడం లేదు. ఎందుకని?

తలనొప్పి తగ్గిందా? టీ మానేసి చూశావా? పొద్దున లేచేసరికి ఎక్కువగా ఉంటోందా, సాయంత్రమా? కణత మీద పడిన దెబ్బ సంగతి మాస్టారికి పూర్తిగా చెప్పావా? మెట్లు దిగేటప్పుడు కాలు ఎప్పుడైనా తడబడుతోందా?

ఇవన్నీ ఎందుకు అడుగుతున్నానో రాయలేకపోతున్నాను. రాస్తే నిజమైపోతుందేమోనని భయం. రాసి రెండుసార్లు చింపేశాను. నువ్వు మాత్రం ఒకసారి డాక్టరుకు చూపించుకో. మామయ్యకు మతిపోయిందనుకుని చూపించుకో. ఈ ఒక్కసారికీ నా పిరికితనానికి విలువ ఇవ్వు తల్లీ.

నిన్న బస్సులో కూర్చుని ముందు సీటు కడ్డీని తాకుతూ వచ్చాను, తగులుతోందా లేదా అని. పక్కాయన లేచి వేరే సీటుకు వెళ్లిపోయాడు.

జవాబు వెంటనే రాయి.

మీ మామయ్య


మార్చి 17

మామయ్యకు,

ఇది అమ్మ పని అని నాకు తెలుసు. ఆదివారం ఫోన్లో "తలనొప్పిట కదా" అంది. ఆ మాట నీకు తప్ప ఇంకెవరికీ రాయలేదు. పాముకు కప్పను అప్పజెప్పావన్నమాట. ఇద్దరూ కలిసి నన్ను భయపెట్టి ఇంటికి లాక్కొద్దామని చూస్తున్నారు. పోటీకి ఇంకెన్ని రోజులున్నాయని? ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్తే ఏమవుతుందో తెలుసా? ఆయన "నెల రోజులు విశ్రాంతి" అని ఒక్క ముక్క గీకుతాడు. కొంగ నవ్వుకుంటూ నా చోటులోకి వెళ్లిపోతుంది. చిన్నప్పటి నుంచీ తెల్లవారకముందే లేచి పరుగెత్తింది నేనా, అదా?

నువ్వు అడిగావని మాస్టారి కెమెరాలో ఆ బౌటు చూశాను. అవును, తాకలేదు. అయితే ఏంటి? పెద్దాయన కూడా అంతే. ఆయన తాకడు మామయ్యా, తాకినట్టు చేసి నాలుగు వేళ్ల దూరంలో చెయ్యి దించేస్తాడు. అవతలివాడు ఆ చేతిని చూస్తూ ఉండగా కాళ్లు కదిలిపోతాయి. అదీ అసలు కిటుకు. ముందు నాకూ అర్థం కాలేదు, తాకుతాడనే అనుకున్నాను. చూసీ చూసీ పట్టుకున్నాను. బొమ్మ బొమ్మా ఆపి చూసే నువ్వు మాత్రం పట్టుకోలేదు. మళ్లీ వేసుకుని చూడు.

నువ్వు తాడును చూసి పామనుకునే రకం. నీకు గ్యాసు వాసన లేని రోజు ఉందా? మేఘం పట్టని పూట ఉందా? నీ భయాలు నీ దగ్గరే పెట్టుకో. నాకు అంటించకు.

మాస్టారికి మాత్రం ఏమీ రాయకు. రాశావంటే నీతో ఈ జన్మకు మాట్లాడను.

అన్నట్టు చెప్పలేదు కదూ, బండ ఉంది చూడు, నా గదిలో పిల్ల, నిద్రలో "ఆగండి, ఆగండి, జడ ఊడింది" అని అరిచింది. కలలో కూడా రిఫరీతోనే గొడవ దానికి.

ఉంటాను.

ఉడత


మార్చి 22

ఉడతా,

నిలబడి చదవకు, కూర్చో. ఈసారి నీళ్లు నువ్వు తాగాలి.

నీ ఉత్తరం చదివి ముందు సంతోషించాను. తిట్లన్నీ తీపిగా ఉన్నాయి. పొరపాటు నాదేనని, ఎప్పట్లాగే తాడును చూసి పామనుకున్నానని గుండె కుదుటపడింది. నువ్వు చెప్పినట్టే నీకు పంపినవన్నీ మళ్లీ వేశాను. ప్రతి రౌండునూ ఆపి చూశాను. ఆయన తాకుతున్నాడు. ప్రతిసారీ తాకుతున్నాడు. ప్రతిసారీ తాడు ఊగుతోంది.

ఆయన చెయ్యి తాడుకు తగలని బౌట్లు మూడే ఉన్నాయి. అవి ఆ చివరి మూడు. అవి నా బీరువాలో ఉన్నాయి. నువ్వు వాటిని చూడలేదు. చూడనిదాన్ని ఎలా నేర్చుకున్నావమ్మా?

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను, మొన్న చింపేసిన కాగితాల్లో ఉన్నది ఇదే. ఆ మూడింట్లో మొదటిదాంట్లో సందు ఉందో లేదో అన్నట్టుంటుంది. రెండోదాంట్లో నాలుగు వేళ్లు. చివరిదాంట్లో మొత్తం అరచెయ్యి పట్టేంత. ఆయనకు తెలియదు. తాకాననుకుని, అదే నిబ్బరంతో ముందుకు నడుస్తాడు. ఆ మూడింట్లో కూడా రెండు ఆయనే గెలిచాడు తెలుసా. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

అవి చూశాక, డబ్బాలు ఇచ్చిన ఆయన కూతుర్ని మళ్లీ పిలిపించి అడిగాను. ముసలావిడ, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని చెప్పింది. "ఆ రోజుల్లో నాన్న మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపి, గ్లాసు పక్కన గాలిని పట్టుకునేవాడండీ. మేం పిల్లలం పడీ పడీ నవ్వేవాళ్లం. తమాషా చేస్తున్నాడనుకునేవాళ్లం. నాన్న కూడా మాతో నవ్వేవాడు. తర్వాత చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయాడు. ఆ తర్వాత నా పేరు మర్చిపోయాడు." ఇదంతా మామూలు గొంతుతో చెప్పింది.

ఇంకో మాట. బండ నిద్రలో అరిచిన కథ నువ్వు నాకు ముందే రాశావు. అవే మాటల్లో. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను.

నా బతుకంతా నాన్నా పులి కథే. లిఫ్టు, గ్యాసు, మేఘం, వీధి కుక్క. పులి అని అరవని రోజు లేదు. ఇప్పుడు ఎవరు నమ్ముతారు? అందుకే నన్ను నమ్మమని అడగడం లేదు. ఆ మూడు బౌట్లూ పెన్‌డ్రైవ్‌లో వేసి ఈ కవరులోనే పెట్టాను. నువ్వే చూడు. చూశాక కూడా రింగులోకి దిగుతానంటే ఇక నేను చెప్పేదేమీ లేదు. లేదు, ఉంది. కాళ్లు పట్టుకుంటాను.

మాస్టారికి కూడా రాశాను. రెండు కవర్లూ ఒకేసారి వేస్తున్నాను. ఈ జన్మకు మాట్లాడనన్నావు, సరే. మాట్లాడకపోయినా పర్వాలేదు. శనివారం రైలుకు అక్కను తీసుకుని వస్తున్నాను. అప్పటిదాకా ఎవరి చెయ్యీ నీ తల మీద పడనివ్వకు. నీకు దణ్ణం పెడతాను.

మీ మామయ్య


ఏప్రిల్ 14

ఉడతా,

ఇంటికి చేరాను. ఆస్పత్రిలో అన్ని రోజులున్నా నాతో ఒక్క మాట మాట్లాడలేదు నువ్వు. నేను వచ్చి కూర్చోగానే గోడ వైపు తిరిగి పడుకునేదానివి. నేను తెచ్చిన బత్తాయిలు మీ అమ్మే తింది.

మాస్టారు ఫోన్ చేశారు. పోటీ లేకుండానే కొంగకు చోటు ఇచ్చేశారట. ఈ వార్త నా నోటి నుంచి వినాల్సి వస్తే ఎలా ఉంటుందో తెలుసు. ఇంకెవరో చెప్పేకంటే నేను చెప్పడమే న్యాయమనిపించింది. నీ చోటు పోగొట్టింది నేనే కదా.

మీ అమ్మ దృష్టిలో నేను ముద్దాయినే. ఆ సినిమాలు పంపకపోతే ఇదంతా జరిగేదే కాదంటుంది. అక్కతో ఎప్పుడు వాదించి గెలిచాను?

నా మీద కోపం ఉంచుకో, పోగొట్టుకోనక్కర్లేదు. బతికున్న మనిషి కోపం నాకు చాలు. జవాబు రాయకపోయినా సరే. మందులు మాత్రం వేళకు వేసుకో.

మీ మామయ్య


ఏప్రిల్ 21

మామయ్యా,

నేను క్షేమం. ఈసారి అది అబద్ధం కాదు.

నీకొక సంగతి తెలియదు. డాక్టరు అన్నీ వివరించి చెప్పినప్పుడు నువ్వు అక్కడ లేవు. స్కానింగ్ గది బయట కళ్లు తిరిగి పడిపోతే నాకంటే ముందు నిన్నే స్ట్రెచర్ ఎక్కించారు. నర్సు వచ్చి "ఇద్దర్లో పేషెంటు ఎవరు" అని అడిగింది. అంత భయంలోనూ అమ్మ నవ్వింది.

డాక్టరు చెప్పింది ఇదీ. ఆ దెబ్బకు పుర్రెకూ మెదడుకూ మధ్య సన్నటి రక్తనాళం తెగి, నెత్తురు కొద్దికొద్దిగా చేరుతూ వచ్చిందట. రోజుకు కాస్త, రోజుకు కాస్త. అందుకే ఎవరికీ తెలియలేదట. దాని మీద ఇంకొక్క గట్టి దెబ్బ పడి ఉంటే, ఆస్పత్రి దాకా తీసుకురావడానికి మనిషి మిగిలేది కాదన్నాడు. పక్కనే నిలబడిన అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గోళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. చిన్న రంధ్రం చేసి నెత్తురు తీసేశారు. తల ఒక పక్క గుండు, ఇంకో పక్క జడ. అద్దం ముందు నిలబడితే నన్ను చూసి నాకే నవ్వొస్తుంది.

ఇప్పుడు ఆస్పత్రిలో చెప్పలేకపోయింది చెబుతాను. అమ్మ ముందు నోరు రాలేదు.

పెద్దాయన కిటుకు అని నీకు రాసింది అబద్ధం. నువ్వు అడిగాక మాస్టారి కెమెరాలో చూశాను, చెయ్యి తాడుకు తగల్లేదు. కానీ నాకు తగిలింది మామయ్యా. ఆ రోజు ప్రతి రౌండులోనూ తాడు గరుకుగా నా గ్లవ్‌కి తగలడం నాకు గుర్తుంది. ఇదిగో ఇక్కడున్నాను అనుకోవడం కూడా గుర్తుంది. బొమ్మ అబద్ధం చెబుతోందా, నా చెయ్యి అబద్ధం చెబుతోందా తెలియలేదు. అంత భయం నేనెప్పుడూ పడలేదు. ఎవరికైనా చెబితే పోటీ పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించడానికి ధైర్యం చాలలేదు. అందుకని ఆ నింద పెద్దాయన మీద వేసి, తిట్లు నీ మీద వేశాను.

నీ కవరు వచ్చిన రోజు బండను పక్కన కూర్చోబెట్టుకుని ఆ మూడూ చూశాను. ఒంటరిగా చూడలేకపోయాను. నువ్వు రాసినట్టే ఉంది, సందు పెరుగుతూ పోయింది. కానీ నువ్వు రాయనిది ఒకటి నాకు కనిపించింది. నువ్వు పెద్దాయన చేతినే చూస్తూ ఉండి ఉంటావు. నేను ఆయన వెనక ఉన్నతన్ని చూశాను. స్టూలు తీసి, నీళ్లు పట్టే మనిషి. చివరి బౌటులో పెద్దాయన చెయ్యి తాడుకు దూరంగా దిగిపోగానే ఆ మనిషి తాడు వైపు చూశాడు. తర్వాత పెద్దాయన వీపు వైపు చూశాడు. చూసి, వంగి నీళ్ల సీసా సర్దుకున్నాడు. అతనికి తెలుసు మామయ్యా. మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను, ప్రతిసారీ సీసా సర్దుకుంటూనే ఉన్నాడు.

బండ వెక్కి వెక్కి ఏడ్చింది, ఆ దెబ్బ తనదేనని. దాన్ని ఊరుకోబెట్టి నేనే లేచి మాస్టారి గదికి వెళ్లాను. నువ్వు రాసిన కవరు ఆయన బల్ల మీద ఉంది, ఇంకా విప్పలేదు. "విప్పకండి సార్, అందులో ఉన్నది నేనే చెబుతాను" అన్నాను. కాబట్టి నా చోటు పోగొట్టింది నువ్వు కాదు. ఆ గొప్ప నీకు ఇవ్వను.

గోడ వైపు తిరిగి పడుకున్నది కోపంతో కాదు. ఇటు తిరిగితే నీ మొహం కనిపిస్తుంది, అందులో భయం కనిపిస్తుంది. చిన్నప్పటి నుంచీ దాన్ని చూసి నవ్వాను. ఆ రోజు చూస్తే నవ్వు రాదని తెలుసు. బత్తాయిలు అమ్మ తినలేదు, నేనే తిన్నాను.

ఇక రింగు లేదట. ఈ ఏడాదికి కాదు, ఎప్పటికీ. ఆ మాట రాయడానికి ఉత్తరంలో ఇంత దూరం రావాల్సి వచ్చింది. తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తుంది, బూట్లు వెతుక్కుంటాను, తర్వాత గుర్తొస్తుంది. నాకిప్పుడు అన్నిటికీ భయమే. గ్లాసు అందుకోవాలంటే భయం, మెట్టు దిగాలంటే భయం, అమ్మ పిలిస్తే ఆ మాట ఇందాకే అందా అని భయం. ఇంత భయంతో ఇన్నేళ్లు ఎలా బతికావు మామయ్యా? ఈసారి వచ్చినప్పుడు నేర్పు.

ఈ పొద్దున గదిలోంచి బయటికి వస్తూ, కళ్లు అటు తిప్పకుండా, ఎడమ చేతి వెనక భాగంతో ద్వారబంధాన్ని తాకాను. తగిలింది. నా మాట నమ్మకు. అమ్మను పక్కనే నిలబెట్టి తాకాను, తగిలిందే అంది. ఫోన్ చేసి అడుగు.

నీ
ఉడత